కనిపించని అక్షరానికి ఒక మీట

తెలుగులో పొల్లు హల్లు వెంట మరొక హల్లు వస్తే కంప్యూటరు ఆ రెండింటినీ సంయుక్తాక్షరంగా కలిపి చూపుతుంది. 'భక్తి', 'రాజ్యం' వంటి మాటలకు కావలసినది అదే. కాని ఆధునిక వ్యవహారంలోని అన్యదేశ్యాలకు ఈ నియమం ఇబ్బంది కలిగిస్తుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాయబోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. టకార వకారాలు రెండూ ఫకారం కింద వత్తులై ఇరుకున పడగా, వకారానికి చెందిన ఏత్వం ఫకారంపైకి చేరుతుంది. 'రాజ్‌కుమార్' అనే పేరు 'రాజ్కుమార్'గా మారడం ఇటువంటిదే. ధ్రువపత్రంలో తన పేరు ఇట్లా అచ్చయితే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

ఈ చిక్కు తీర్చడానికి యూనికోడ్ ప్రమాణంలో 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే అక్షరం ఉంది. అది తెరపై కనిపించదు, చోటు ఆక్రమించదు. ఇరువైపుల అక్షరాలను కలవనీయదు, అంతే. దానిని రాబట్టే మీట కీబోర్డు అమరికను బట్టి మారుతుంది కనుక, తరచుగా రాసేవారు తమకు అనువైన షార్ట్‌కట్‌ను ఏర్పరచుకోవడం మేలు.

విండోస్‌లోని వర్డ్‌లో ఇన్సర్ట్ విభాగాన సింబల్, అందులో మోర్ సింబల్స్ తెరవాలి. స్పెషల్ క్యారెక్టర్స్ పట్టికలో ఈ అక్షరం 'నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్' అనే వేరే పేరుతో ఉండడం కొత్తవారిని తికమకపెట్టే విషయం. దానిని ఎంచుకొని 'షార్ట్‌కట్ కీ' నొక్కితే మరొక గవాక్షం తెరుచుకుంటుంది. అక్కడ కోరిన మీటలను కలిపి నొక్కి, 'అసైన్' అనాలి.

అయితే ఆ మీటలకు అంతకుముందే వేరే పని ఉన్నదా అన్నది చూసుకోవాలి. ఉంటే దాని పేరు ఆ గవాక్షంలోనే కనిపిస్తుంది. వర్డ్ తెలియజేస్తుందే గాని వారించదు. కంట్రోల్, ఎస్ మీటలను కొత్త పనికి కేటాయించినవాడు, పాత అలవాటు కొద్దీ వాటిని నొక్కి, వ్యాసం భద్రమైనదని నమ్మి కంప్యూటరు ఆపివేస్తే గంటల శ్రమ పోవచ్చు. కంట్రోల్, ఆల్ట్ రెండింటితో ఒక అక్షరాన్ని జోడిస్తే ఇటువంటి ఘర్షణ తక్కువ.

ఈ ఏర్పాటు సాధారణంగా ఆ కంప్యూటరులోని 'నార్మల్' టెంప్లేటులో నిలుస్తుంది. కళాశాల ప్రయోగశాలలో వేరే యంత్రం ముందు కూర్చుంటే మళ్లీ చేసుకోక తప్పదు. రాసిన పత్రానికి ఆ బెడద లేదు. కనిపించని అక్షరం పాఠంలోనే ఉంటుంది కాబట్టి పత్రం ఎక్కడికి వెళితే అక్కడికి వెళుతుంది.