కుందేటిపిల్లలు గూడు విడుచు వేళ

కుందేలనిన మన కందఱకును తెలియును. చేనిగట్టున పరుగెత్తునదియు కుందేలే, బోనులో పెంచు తెల్లనిదియు కుందేలే. మాట యొకటియే కాని జాతులు రెండు. మన మెట్టపొలములలో తిరుగు, మెడవెనుక నల్లని పట్టు గల అడవికుందేటికి బొరియ లేదు, గూడు లేదు. దాని పిల్ల ఒడలినిండ బొచ్చుతో, తెఱచిన కన్నులతోనే పుట్టును. రెండవ జాతి పిల్లలు గ్రుడ్డివిగా, బొచ్చులేక పుట్టి, కొన్నాళ్లు గూటిలో పెరిగి వెలికి వచ్చును. ఈ రెండవ జాతి తెలుగునాట పొలములలో లేదు. ఐరోపాలోను అమెరికాలోను మెండుగా కలదు.

లేనిదానిని గూర్చి చెప్పుట యెందులకని మీ రడుగవచ్చును. ఈ దినములలో మన పల్లెపెద్ద లనేకులు అమెరికాలోని బిడ్డల యిండ్లకు పోయి నాలుగైదు మాసము లుండి వచ్చుచున్నారు. అచ్చట పెరటిపచ్చికలోనే యీ కుందేలు పిల్లలను పెట్టును. తోక అడుగున దూదిపింజవలె తెల్లగా నుండుటచే ఆ దేశస్థులు దీనిని దూదితోక అను పేర పిలుతురు. జానెడుకంటె తక్కువ వెడల్పున, నాలు గంగుళముల లోతున చిన్న పల్లము త్రవ్వి, తన రొమ్ముబొచ్చు పెఱికి పఱచి, పైన ఎండుగడ్డి కప్పును. చూచువారికి పచ్చిక ఎండిన చోటని తోచునే కాని గూడని తోచదు. గడ్డికోత యంత్రముల క్రింద పడి పిల్లలు చచ్చుట అందువలననే. ఈతకు నాలుగైదు పిల్లలు. ఒక్కొక్కటి మూడు నాలుగు తులముల బరువు.

పగలంతయు వెదకినను తల్లి కానరాదు. కోడి గ్రుడ్లపై కూర్చున్నట్లు ఇది గూటిపై కూర్చుండదు. అది దగ్గఱ నున్నచో దాని వాసన పట్టి నక్కయు పిల్లియు వచ్చును. దూరముగా నుండుటయే అది చేయు కాపలా. మునిమాపునను తెల్లవారుజామునను వచ్చి, కొలది నిమిషములు పాలిచ్చి, గడ్డి సర్ది పోవును. ఆ పాలు ఆవుపాలకంటె రెట్టింపునకు మించి చిక్కనివి గనుక ఆ కొంచెమే చాలును. దిక్కులేని పిల్లలని జాలిపడి యింటికి తెచ్చి ఆవుపాలు పోయువారు పెక్కుమంది. పొట్ట లుబ్బియు, విరేచనములు పట్టియు, భయముచేతను వానిలో చాలభాగము చచ్చును.

సుమారు వారమునకు కన్నులు తెఱచును. రెండు వారములు దాటి మూడవ వారము నడుచుచుండగా గూడు విడుచును. ఆనాటికి పిల్ల బత్తాయిపండంత మాత్రమే యుండును. ఇంత చిన్నది యెట్లు బ్రతుకునని మనకు తోచుట సహజము. కాని చూడవలసినది పరిమాణము కాదు. కన్నులు తెఱచినవా, చెవులు నిక్కినవా, ఒడలినిండ బొచ్చున్నదా, మన అలికిడికి గెంతి పాఱుచున్నదా యని చూడవలెను. ఇవి యున్నచో దానికి మన సాయముతో పని లేదు. పట్టి మరల గూటిలో పెట్టినను నిలువక గెంతును. కొన్నిదినములు ఆ చుట్టుపట్లనే గడ్డిలో దాగి, పచ్చిక కొఱుకుచు, తల్లి వచ్చినప్పుడు పాలు త్రాగును.

ఇంత తొందర యెందులకనగా, ఈ తల్లి ఈనిన దినముననే మరల చూలు దాల్చుట కలదు. చూలు మోయు కాలము సుమారు 28 దినములు. తరువాతి యీతకు పాలు మిగులవలెను గదా. ఐరోపాలోని బొరియకుందేలును ఇట్టిదే. పిల్లలున్న బొరియను మట్టితో మూసిపోయి, దినమున కొక్కమాఱు వచ్చి పాలిచ్చును. పిల్లలు సుమారు మూడు వారములకు వెలికి వచ్చును. మనము పెంచు తెల్లకుందేళ్లు దీని సంతతియే.

మనిషి చేయి తాకిన పిల్లను తల్లి చేర్చుకొనదను మాట అచ్చటను కలదు, ఇచ్చటను కలదు. అది నిజము కాదు. కన్నులు తెఱవని పిల్ల గూటివెలుపల పడియున్నచో లోపల పెట్టి గడ్డి కప్పవచ్చును. తల్లి వచ్చుచున్నదో లేదో తెలియుటకు గూటిపై రెండు నూలుపోగులను అడ్డముగాను నిలువుగాను పఱచవలెను. మఱునాటి యుదయమున పోగులు చెదరి, గడ్డి మాత్రము కప్పియున్నచో తల్లి వచ్చిపోయినదని యర్థము. మా అమ్మాయి యింటి పెరటిలో నే నిట్లు చేసి చూచితిని. ప్రొద్దున పోగొకటి అడుగు దూరమున పడియుండెను. పిల్లల పొట్టలు గుండ్రముగా నుండెను. మా అల్లుడు ఆ మూలను రెండు వారములు కోయక విడిచెను. గడ్డి పెరిగినదని ఇరుగుపొరుగువా రేమందురో యని అతనికి కొంత బెంగ. తల్లి చచ్చుట కన్నులార చూచినప్పుడును, పిల్లి కఱచినప్పుడును మాత్రము మనిషి చేయి కావలెను. అప్పుడైనను పాలు పోయక, అనుమతి గల వన్యప్రాణి సంరక్షకుల కప్పగింపవలెను.

ఇక మన పొలమునకు వత్తము. ఇచ్చటి కుందేటిపిల్లకు గూడు విడుచు వేళ యనునదే లేదు. పుట్టిన కొలదికాలమునకే గడ్డిదుబ్బు మాటున ఒంటరిగా, చెవులు వీపున కంటించి, కదలక పడియుండును. తల్లి చీకటి పడిన పిదప వచ్చి పాలిచ్చును. కోతకూలీలకు కాలిక్రింద దొరకునది యిదియే. కదలకుండుట చూచి, జబ్బుపడిన దనుకొని, ముచ్చటపడి యింటికి తెత్తురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టి పెంచుట నేరము. కోత సాగవలెనన్నచో, పిల్లను పిడికెడు గడ్డితో సహా యెత్తి, ఆ చేనిగట్టుననే మఱుగు గల దగ్గఱి పొదలో దించి, కుక్కలను కట్టివేసి, చీకటి పడకముందే అందఱును అచ్చటినుండి తొలగిపోవలెను.