మాంసపు మందలలో దాగిన సూక్ష్మజీవి

జబ్బుచేసిన పశువును గుర్తుపట్టుట మన పల్లెపట్టుల గృహిణులకు క్రొత్తగాదు. మేత ముట్టదు, నెమరువేయదు, చెవులు వ్రేలవేయును, పాలు తగ్గును. ఇంటి యిల్లాలు అందఱికంటె ముందుగా ఆ సంగతి కనిపెట్టును. కాని ఏ లక్షణమును లేక, నున్నని మేనితో, నిండు ఆకలితో మేయుచున్న పశువు కడుపులోనే పసిబిడ్డల ప్రాణములకు ముప్పు తేగల సూక్ష్మజీవి కాపురముండవచ్చునన్నచో నమ్ముట కష్టము. అమెరికా దేశమున మాంసముకొఱకు పెంచు పశువుల మందలలో ఇట్టి సూక్ష్మజీవి యొకటి ఎంత విరివిగా నున్నదో, మందను విడిచి మనుష్యుల యిండ్లకు అది యెట్లు చేరుచున్నదో ఈ మాసము మా సోదరీమణులకు తెలుపదలచితిమి. మన కుమార్తెలు, కోడండ్రు, మనుమలు వేలకొలది ఆ దేశమున నున్నారు. పురుళ్లకును, పసివాండ్ర పెంపకమునకును ఇచ్చటినుండి తల్లులు పోయివచ్చుచునే యున్నారు. కనుక ఇది మనకు సంబంధింపని పరదేశపు ముచ్చట గాదు.

దీని పేరు ఇ. కోలై ఓ157. ఇ. కోలై జాతి బాక్టీరియాలు మనయందఱి ప్రేగులలోను ఉన్నవి. వానిలో పెక్కులు నిరపాయమైనవి. ఈ తెగ మాత్రము తీవ్రమైన విషమును పుట్టించును. ఆ విషము ప్రేగుల లోపొరను గాయపఱచి నెత్తురు విరేచనములు కలిగించును. రక్తములో కలిసి మూత్రపిండములలోని సన్నని నాళములను చెఱచును. 1982లో ఆరెగన్, మిషిగన్ రాష్ట్రములలో హాంబర్గరులు తిన్న కొందఱికి నెత్తురు విరేచనములు పట్టుకొన్నప్పుడుగాని దీని స్వభావము వైద్యులకు తెలియలేదు. అప్పటికిని జనసామాన్యము దానిని లెక్కచేయలేదు. 1993లో పశ్చిమ రాష్ట్రములలో సరిగా ఉడుకని హాంబర్గరులవలన 700 మందికి పైగా జబ్బుపడి, నలుగురు పిల్లలు చనిపోయిన పిమ్మటనే దేశమంతయు ఉలికిపడినది. ఈ సూక్ష్మజీవియున్న పచ్చి కైమాను కల్తీ సరుకుగా నెంచవలయునని 1994లో ఆ దేశపు వ్యవసాయశాఖ ప్రకటించెను. ఇంతపాటి కట్టడికి నలుగురు తల్లుల కడుపుకోత కావలసివచ్చెను గదా యని మాకు తోచును.

మఱి మందలలో ఇది యెంత సామాన్యము? ఈ ప్రశ్నను రెండు విధముల నడుగవచ్చును. బస్తాలోని గింజలలో ఎన్ని పుచ్చినవని యడుగుట వేఱు, కొట్టులోని బస్తాలలో ఎన్నింట పుచ్చుగింజ లున్నవని యడుగుట వేఱు. 1999 వేసవిలో అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రములలోని నాలుగు పెద్ద కబేళాలలో శాస్త్రజ్ఞులు పరీక్షలు జరిపి, మరుసటి సంవత్సరము ఫలితములను ప్రకటించిరి. తలల లెక్కన నూటికి 28 పశువుల పేడలో ఈ సూక్ష్మజీవి కనబడినది. గుంపుల లెక్కన చూచినప్పుడు నూటికి 72 గుంపులలో కనీస మొక పశువైన దానిని మోయుచుండెను. అనగా, మంచి మంద యిది, చెడ్డ మంద యది యని వేఱుచేయుటకు వీలులేదన్నమాట. ఒకసారి పరీక్షచేసి పేడలో కనబడలేదని సంతోషించుటయు వ్యర్థము. పశువు కొన్ని వారములు దీనిని విసర్జించి మానును, మరల నంటించుకొనును. వేసవిలో ఎక్కువగాను, చలికాలమున తక్కువగాను కనబడును. మందలో ఏ కొన్ని పశువులో మిక్కుటముగా విసర్జించి, నీటితొట్లను, నేలను, తోటిపశువుల తోళ్లను మలినపఱచుచుండును.

పశువునకు మాత్రము జబ్బు లేదు. విషము పట్టుకొనుటకు మన రక్తనాళములలో నున్న తావులు పశువు రక్తనాళములలో లేవు. అందుచే అది సుఖముగా నుండును. రైతు కంటికి నష్టము కనబడదు. గాలికుంటు వచ్చినచో రైతు పరుగెత్తి టీకా వేయించును. ఈ సూక్ష్మజీవికి గూడ పశువుల టీకా తయారై 2008లో కెనడాలో అనుమతి పొందినను కొనువారు అంతగా లేకపోయిరి. తన పశువు బరువు తగ్గదు, ధర తగ్గదు. ఎవరి బిడ్డకో వచ్చు జబ్బునకు తానేల ఖర్చుపెట్టవలయునని రైతు తలంచినచో అతని నొక్కనినే నిందించి లాభము లేదు. ఆ ఖర్చును పంచుకొను ఏర్పాటు కావలసియుండెను.

ఇక కబేళాలోని సంగతి. పైని చెప్పిన పరీక్షలలోనే, తోలు ఒలిచిన పిమ్మట ప్రేగులు తీయకమునుపు నూటికి 43 కళేబరములమీద ఈ సూక్ష్మజీవి దొరకినది. పేడలో మోయుచున్న పశువులు 28 యైనచో మాంసముమీద 43 ఎట్లయ్యెను? ఒకదాని మాలిన్యము వేఱొకదాని కంటుచున్నదని తేటపడుచున్నది. ప్రేగులు తీసినమీదట 18కి దిగినది. కడిగి శుభ్రపఱచు పనులన్నియు ముగియునప్పటికి 2 మాత్రమే మిగిలినది. శుభ్రతవలన ఎంత మేలు కలుగునో ఈ లెక్కయే చెప్పుచున్నది. కాని ఆ రెండును కైమాయంత్రములో పడినచో మరల అనేకములగును. ముక్కగా నున్న మాంసమునకు మాలిన్యము పైపైని మాత్రమే యుండును, కాల్చినప్పుడు చచ్చును. కైమాలోనో, పైది లోపలికి పోవును. అనేక పశువుల మాంసము ఏకమగును. అందుచేత కైమా నడిమిభాగము 71 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పొందువఱకు ఉడుకవలయునని అచ్చటి ప్రభుత్వము చెప్పుచున్నది. రంగు మాఱినది గదా యని దింపరాదు.

"మే మా మాంసము ముట్టము, మాకేల యీ గొడవ?" యని మా చదువరులలో పలువు రనవచ్చును. వారికొఱకే ఈ వ్యాసము వ్రాయుచున్నామని చెప్పినను తప్పులేదు. 2006లో అమెరికాలో పచ్చి పాలకూర తిన్నవారిలో సుమారు 200 మందికి ఈ జబ్బు వచ్చి, ముగ్గురు మరణించిరి. అదే తెగ సూక్ష్మజీవి కాలిఫోర్నియాలో ఆ కూర పండిన చేని చేరువనున్న పశువుల పేడలోను, అడవిపందులలోను దొరకినది. 2018లో ఆరిజోనా రాష్ట్రమున యూమా ప్రాంతపు లెట్యూస్ ఆకులవలన 210 మంది జబ్బుపడిరి, అయిదుగురు చనిపోయిరి. ఆ పొలముల నడుమ పారు కాలువ నీటిలో అదే తెగ కనబడినది. ఆ కాలువ చెంతనే వేలకొలది పశువులను బలియజేయు పెద్ద దొడ్డి యుండెను. పచ్చిగా తిను ఆకులను ఎంత కడిగినను సూక్ష్మజీవులు పూర్తిగా పోవు. మన యిండ్లలో పాలకూరను పప్పులో వేసి ఉడికించుట యెంత మంచి యలవాటో ఇప్పుడు తెలియుచున్నది. పాలు కాచిగాని త్రాగని యాచారమును అటువంటిదే. విషము పుట్టించు ఇ. కోలై తెగలు మన దేశపు ఆవులలో గూడ కనబడినవి. పచ్చిపాలే బలమని అచ్చట నెవరైన చెప్పినను చంటిబిడ్డకు పట్టరాదు. సంతలలో పిల్లలు దూడలను, మేకపిల్లలను నిమిరి ఆడుకొనుట అచ్చట వేడుక. ఆడనిండు, కాని చేతులు సబ్బుతో కడుగక నోట ఏమియు పెట్టనీయకుడు. నూఱుకంటె తక్కువ సూక్ష్మజీవులు కడుపులో పడినను ఈ జబ్బునకు చాలును.

ఇచ్చటినుండి పోవు అమ్మమ్మలకు, నాయనమ్మలకు మా ప్రత్యేకమైన మనవి. పెట్టెలో విరేచనములు కట్టు మాత్రలు పెట్టుకొనిపోవుట మనకు వాడుక. బిడ్డకు నెత్తురు విరేచనములైనప్పుడు ఆ మాత్రలను తలపెట్టవలదు. అవి విషమును కడుపులోనే నిలుపును. మిగిలిపోయిన యాంటీబయాటిక్కులును ఈయరాదు. ఈ జబ్బున అవి మేలుకంటె కీడు చేయవచ్చునని వైద్యులు సాధారణముగా వానిని మానుదురు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి, మలపరీక్ష చేయింపవలయును. సూక్ష్మజీవి కడుపులో పడిన మూడు నాలుగు దినములకు జబ్బు బయటపడును. పెక్కుమందికి వారము దినములలో నెమ్మదించును. నూటికి 5 మొదలు 10 మందికి మాత్రము, విరేచనములు తగ్గుచున్నవని మన మూపిరి పీల్చుకొను సమయముననే మూత్రపిండములు దెబ్బతినును. వారిలో అయిదేండ్లలోపు పిల్లలే యెక్కువ. బిడ్డ మొగము పాలిపోవుట, మూత్రము తగ్గుట, కారణము లేక మేన కమిలిన మచ్చలు కనబడుట దాని గుర్తులు. అప్పుడు రాత్రియని, పండుగదినమని జాగుచేయరాదు. సకాలమున ఆసుపత్రి చేరిన పిల్లలలో కొందఱికి కొన్ని దినములపాటు యంత్రముతో రక్తశుద్ధి చేయవలసివచ్చినను, పెక్కుమంది కోలుకొనుచున్నారు.