సీసా కడుగుటయు శాస్త్రమే

చిలుకూరు ప్రాంతపు విద్యార్థి యొకడు సెలవులలో హైదరాబాదునందలి నీటిపరీక్షాశాలలో పని నేర్చి వచ్చెను. మొదటివారమంతయు సీసాలు కడుగుటయే యట! ఇంటి బోరునీరు గాజుసీసాలో గొనిపోగా అచ్చటివారు త్రిప్పివేసిరి. ఫ్లోరైడు పరీక్షకు ప్లాస్టికు సీసాయే తగినది. మరల తెప్పించి పరీక్షింపగా, తేటయైన యా నీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాముల మితిని దాటియుండెను. తమ్ముని గారపండ్లకు కారణ మప్పుడు తెలిసెను.

కాచినను ఈ దోషము పోదు. 1970 దశకమున నాగపూరు నీరీ సంస్థవారు రూపొందించిన నల్లగొండ పద్ధతిలో సున్నము, పటిక కలిపి తేర్చినచో తగ్గును. పాళ్లు పరీక్షననుసరించి యుండవలెను.

సభ్యులారా! ఎరువు వేయుటకు ముందు మట్టిని పరీక్షింపజేయుదుము. బిడ్డకు నీరిచ్చుటకు ముందు బోరును పరీక్షింపజేయవలదా? ఆ నీటితోనే ముమ్మారు తొలిచిన సీసాను నింపి, బోరు గుర్తు, తేదీ వ్రాసి పంపుడు.