గజ్జల్లో హెర్నియా: కుట్లా, మెష్షా?



పోయినసారి మా నాన్నగారు టొరంటో వచ్చినప్పుడు ఒక సంగతి బయటపడింది. గజ్జల్లో వాపు ఉందని ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. "పడుకుంటే పోతోంది కదా, దానికేముంది" అన్నారు. వరిబీజమని ఆయనే తేల్చేసుకున్నారు. డాక్టరు చూసి హెర్నియా అన్నారు. నేను డాక్టరుని కాను. అప్పుడు చదివి, అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మగవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. ఆడవారిలో తక్కువ. పొట్ట కింది గోడ బలహీనపడిన చోట లోపలి కొవ్వో, పేగో బయటకు తోసుకొస్తుంది. మందులతో ఆ కంత పూడదు. సరిచేసేది ఆపరేషన్ ఒక్కటే.

ఇటలీలోని పాడువాలో పనిచేసిన డాక్టర్ బస్సీని 1887లో కుట్ల పద్ధతిని ప్రకటించారు. చిరిగిన పంచె అంచులు దగ్గరకు లాగి కుట్టినట్టు, కండరాన్ని గజ్జల్లోని గట్టి లిగమెంటుకు కుట్టేవారు. ఇందులో చిక్కు లాగుడు. కుట్టు మీద బరువు పడి, కొందరికి హెర్నియా తిరగబెట్టేది.

దీన్ని మెరుగుపరిచినది మన ఊరి డాక్టరే. రెండో ప్రపంచ యుద్ధంలో హెర్నియా వల్ల సైన్యంలో చేరలేకపోయిన యువకులకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ ఎర్ల్ షోల్డైస్, 1945లో టొరంటోలో ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడది థార్న్‌హిల్‌లో ఉంది. ఆయన పద్ధతిలో ఒక అంచును ఇంకో అంచు మీదకు మడిచి, సన్నని స్టీలు తీగతో నాలుగు వరసలు కుడతారు. లాగుడంతా ఒకే కుట్టు మీద పడదు. ఎక్కువమందికి ఆ చోటుకే మత్తు ఇచ్చి, త్వరగా లేపి నడిపిస్తారు.

పుణె డాక్టర్ మోహన్ దేశార్ద పద్ధతి వేరు. రోగి సొంత పొరలోంచే ఒక పట్టీ తీసి, పూర్తిగా తెంచకుండా, బలహీనమైన చోట అడ్డంగా కుడతారు.

మెష్ అంటే అతుకు వేయడం. అంచులు లాగే పని లేదు. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవారికి ముందుగా మెష్‌నే సూచిస్తాయి. కుట్లే కావాలంటే షోల్డైస్ పద్ధతి మేలంటాయి. ఏ పద్ధతిలోనైనా కొందరికి నొప్పి చాలాకాలం ఉండొచ్చు. పసిపిల్లలకు మెష్ వేయరు. హెర్నియా సంచి మొదలును కట్టేస్తే సాధారణంగా సరిపోతుంది.

సర్జన్‌ని ఇవి అడగండి: నాకు ఏ పద్ధతి, ఎందుకు? మీరు ఆ పద్ధతిలో తరచూ చేస్తారా? ఏ మత్తు ఇస్తారు? బరువులు ఎప్పటినుంచి ఎత్తవచ్చు?

వాపు లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి పెరిగినా, వాంతులు అయినా, రంగు మారినా ఆగకండి. పేగుకు రక్తం అందకపోవచ్చు. వెంటనే 911కి ఫోన్ చేయండి.

నాన్నగారు హైదరాబాద్ వెళ్ళాక ఆపరేషన్ చేయించుకున్నారు. సర్జన్ ఆయనకు మెష్ వేశారు. ఇప్పుడు పొద్దున్నే నడకకు వెళ్తున్నారు. మీ ఇంటికి వచ్చిన పెద్దవారిని ఒకసారి అడిగి చూడండి. సిగ్గుపడి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.