చదివితేనే ఇల్లు చేరిన జెండా

2017 ఆగస్టులో అమెరికాలోని మోంటానా రాష్ట్రం నుంచి 93 ఏళ్ల మాజీ సైనికుడు ఒకరు జపాన్ వెళ్లారు. గిఫు ప్రాంతంలో హిగాషి షిరకావా అనే కొండ ఊళ్లో 89 ఏళ్ల పెద్దాయన చేతికి ఒక పాత జెండా అప్పగించారు. ఆ పెద్దాయన దాన్ని మొహానికి ఆనించుకుని వాసన చూశారు. అది ఆయన అన్నగారిది. రెండో ప్రపంచ యుద్ధంలో సైపాన్ దీవికి వెళ్లిన అన్న తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. దానికి బదులుగా అధికారులు ఇంటికి పంపింది ఒక చెక్కపెట్టె, అందులో కొన్ని రాళ్లు.

ఆ జెండా అమెరికాకు ఎలా వెళ్లింది? 1944లో సైపాన్‌లో చనిపోయి పడి ఉన్న జపాన్ సైనికుడి దగ్గర నుంచి ఈ అమెరికా సైనికుడే దాన్ని తీసుకున్నారు. ఇంటికి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. వచ్చినవాళ్లు చూసి అదేమిటని అడిగేవారు. జెండా నిండా రాత ఉంది. ఆ ఇంట్లో దాన్ని చదవగలిగినవారు మాత్రం లేరు.

అప్పట్లో జపాన్‌లో యుద్ధానికి వెళ్లే కుర్రాడికి ఊరంతా కలిసి ఇలాంటి జెండా ఇచ్చేవారు. మధ్యలో ఎర్రని సూర్యుడు. చుట్టూ తెల్లని గుడ్డ మీద అమ్మానాన్నలు, చుట్టాలు, ఇరుగుపొరుగు, బడిలో కలిసి చదివినవాళ్లు సంతకాలు చేసేవారు. యుద్ధంలో నీకు మేలు జరగాలని ఒక దీవెన రాసేవారు. సైనికుడు దాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకునేవాడు. తేలిగ్గా ఉంటుంది, జేబులో పడుతుంది కాబట్టి గెలిచిన పక్షం సైనికులు గుర్తుగా పట్టుకెళ్లింది ఎక్కువగా ఈ జెండాలనే. వాళ్లకది శత్రువు జెండా. దాని మీద ఉన్నది మాత్రం ఒక ఊరి వాళ్ల పేర్లు.

ఆ పేర్లు చదివించే పని అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒబాన్ సొసైటీ అనే సంస్థ చేస్తోంది. 2009లో ఒక భార్యాభర్తలు దీన్ని మొదలుపెట్టారు. భార్య జపాన్ ఆమె. ఆమె తాతగారు బర్మాలో చనిపోయారు. 2007లో, అంటే యుద్ధం ముగిసిన 62 ఏళ్లకు, ఆయన జెండా ఆ కుటుంబానికి చేరింది. మిగతా కుటుంబాలకూ అలాగే చేర్చాలన్నది వాళ్ల ఆలోచన. సైపాన్ జెండా మీద దాదాపు 180 సంతకాలు ఉన్నాయి. అవి చదివాకే ఊరు ఏదో తెలిసింది. ఊరు తెలిశాక ఇల్లు తెలిసింది.

ఇలాంటి జెండాలు ఇప్పటికీ వేలంలో అమ్ముడవుతున్నాయి. యుద్ధ వస్తువులు సేకరించేవారంతా చెడ్డవాళ్లని మేం అనం. వాళ్లు దాచకపోతే ఎన్నో చెత్తలో కలిసిపోయేవి. కాకపోతే ‘ఎంత పాతది, ఎంత ధర’ అని అడిగేవారు ఎక్కువ. ‘ఎవరిది’ అని అడిగేవారు తక్కువ.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పదమూడు లక్షల మందికి పైగా, రెండో యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది పనిచేశారు. వారిలో మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. అప్పుడు బళ్లారి, బరంపురం, వేలూరు అన్నీ మద్రాసు కిందే. బరంపురం 1936లో ఒడిశాలో, బళ్లారి 1953లో మైసూరులో కలిశాయి. అందుకే ఇవాళ కర్ణాటకలోనో ఒడిశాలోనో ఉన్న మన ఇంటి పాత కాగితం మీద ‘మద్రాసు’ అని ఉంటే తికమక పడనక్కర్లేదు. యానాం అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉండేది.

తాతల ట్రంకు పెట్టెల్లో ఏముంటాయి? పతకాలు, పింఛను పుస్తకం, ఇత్తడి గుండు తొడుగుతో చేసిన పూలకుండీ, బర్మాలో జపాన్ ప్రభుత్వం అచ్చేసిన రూపాయి నోట్లు, ఒక కట్ట ఉత్తరాలు. మొదటి యుద్ధం నాటి వెండి పతకం అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఆ సంగతి తెలియక ఎందరో దాన్ని వెండి తూకానికి అమ్మేశారు. పతకం కరిగిపోయింది, పేరూ కరిగిపోయింది.

ఉత్తరాల సంగతి మరీ దగ్గరిది. ముత్తాత తెలుగులో రాసిన ఉత్తరం మునిమనవరాలు చదవలేకపోతే, మోంటానా ఇంట్లోని జెండాకూ మన ఇంట్లోని ఉత్తరానికీ తేడా ఏముంది? రెండూ అద్దాల బీరువాలో బొమ్మలే. జపాన్ రాత చదవడానికి అమెరికా ఇంటికి సముద్రం అవతలి మనిషి కావాల్సి వచ్చింది. మనకు ఆ మనిషి మన బడిలో ఆరో తరగతిలోనే ఉన్నాడు.

అందుకే మా మాట ఇది. ఈ ఏడాది మన బడుల్లో ఒక చిన్న పని పెట్టుకుందాం. పిల్లలు తమ ఇంట్లోనో పక్కింట్లోనో సైన్యంలో పనిచేసినవారి వస్తువు ఒకటి చూసి రావాలి. వస్తువును బడికి తేనక్కర్లేదు. ఫొటో చాలు. అది ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఇంట్లో ఎవరు చెప్పారు అన్నవి తెలుగులో ఒక పేజీ రాయాలి. ఉత్తరం ఉంటే ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలి. వాడుకలో లేని మాటలు తగిలితే అమ్మమ్మనో తెలుగు మాస్టారునో అడగాలి. యుద్ధంలో చనిపోయినవారి పేరును కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతకవచ్చు. పేరును ఇంగ్లిషులో రెండు మూడు రకాలుగా రాసి చూడాలి.

కొన్ని జాగ్రత్తలు. పతకాలను చింతపండుతోనో పౌడరుతోనో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. కాగితాలకు టేపు వేయకండి, ల్యామినేషన్ చేయించకండి. పేలని గుండులా అనిపించేది ఏది కనిపించినా ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. శత్రు సైనికుడి వస్తువు కనిపిస్తే పిల్లలకు ఒక్క మాట చెప్పండి: దానికీ ఒక ఇల్లుంది.

మోంటానా పెద్దాయన జపాన్‌లో జెండా ఇచ్చి ఊరుకోలేదు. మీ అన్న నాకు ఎక్కడ, ఎలా కనిపించాడో తమ్ముడికి చెప్పారు. 73 ఏళ్లుగా ఆ ఇల్లు ఎదురుచూసింది ఆ కబురు కోసమే. మన పెట్టెల్లోనూ అలాంటి కబుర్లు ఉన్నాయి. చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే, చదవగల పిల్లలు ఉన్నప్పుడే వాటిని విప్పుదాం.