గడ్డిలో చెయ్యి పెట్టి చూడండి

కోతలప్పుడు వాన తగిలి, సరిగా ఆరని గడ్డిని వాము వేస్తే ఏమవుతుందో మన రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు పోయాక మోచేతిదాకా చెయ్యి దూర్చి చూస్తే లోపల వెచ్చగా, ఒక్కోసారి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఓ పాయ లాగితే బూడిదరంగు పొడి లేస్తుంది, ముక్కిన వాసన కొడుతుంది. ఆ గడ్డినే కాస్త దులిపి గేదె ముందు పడేస్తాం. గేదె చాలావరకు సర్దుకుపోతుంది. శాలలో కట్టేసిన గుర్రం దగ్గర మాత్రం ఆ పొదుపు చెల్లదు.

ముందు ఆ వేడి సంగతి చూద్దాం. గడ్డిలో తేమ నూటికి 15 పాళ్లలోపు ఉంటే బూజుకు బతుకుతెరువు ఉండదు. 20 దాటిందంటే మోపు లోపల బూజు, సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. అవి తిని, పెరిగి, వేడి పుట్టిస్తాయి. ఆ వేడికి తట్టుకోలేక మొదటి రకాలు తప్పుకుంటే, 50, 60 డిగ్రీల వేడే కావాలనే ఇంకో రకం సూక్ష్మజీవులు దిగుతాయి. చివరికి తేమంతా ఆవిరై మోపు చల్లబడుతుంది. కొనేవాడి చేతికి వచ్చేసరికి పైకి చక్కగా ఎండిన గడ్డే. లోపల మాత్రం కోట్ల కొద్దీ బూజు బీజాలు పొడిగా, తేలిగ్గా, ఊదితే ఎగిరేలా సిద్ధంగా ఉంటాయి. అందుకే మోపును పైపైన చూసి బేరమాడకూడదు. పైన ఎండకు వెలిసి తెల్లబడటం పెద్ద దోషం కాదు. తాడు తెంచి, నడిమధ్య నుంచి ఓ పాయ తీసి, కిటికీలోంచి పడే ఎండలో విదిలించి చూడాలి. ఆ ఎండపట్టీలో పొగలాంటిది లేచి ఎంతకీ దిగకపోతే ఆ గడ్డి వద్దు. వాసన చూడమంటారుగానీ, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చకండి. ఆ దుమ్ము మీకూ మంచిది కాదు.

ఈ బీజాలు మహా చిన్నవి. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, ఇవి ఒకటి నుంచి అయిదు మైక్రాన్ల మధ్య ఉంటాయి. అంత సన్నవి ముక్కులో, గొంతులో ఆగవు, ఊపిరితిత్తుల అట్టడుగుకు పోతాయి. పైగా గుర్రం నోటితో గాలి పీల్చలేదు, దానికి ముక్కొక్కటే దారి. ఊరికే నిలబడ్డప్పుడు నిమిషానికి పన్నెండుసార్లు, విడతకు దాదాపు 5 లీటర్ల లెక్కన పీలిస్తే రోజుకు 80 వేల లీటర్లకు పైమాటే. అదీ ఎక్కడి గాలి? మేత మేసేంతసేపూ దాని ముక్కు గడ్డిలోనే ఉంటుంది. శాల మధ్యలో నిలబడి ‘గాలి బాగానే ఉందే’ అనుకుంటాం. గుర్రం పీల్చే గాలి అది కాదు, గడ్డి మోపులోని గాలి. కొలిచినవాళ్లు కూడా శాల గాలికన్నా ముక్కు దగ్గరి గాలిలోనే దుమ్ము చాలా ఎక్కువని తేల్చారు.

దీన్ని ఏళ్ల తరబడి పీల్చిన గుర్రానికి ఉబ్బసం వస్తుంది. గాలి బయటికి తోయడానికి కడుపు కండరాలను బిగించీ బిగించీ డొక్క వెంట ఒక గాడి పడిపోతుంది. పశువైద్యులు ఇప్పుడు దీన్ని నేరుగా ‘గుర్రపు ఉబ్బసం’ అనే అంటున్నారు. మనిషికీ గుర్రానికీ ఈ చుట్టరికం పాతదే. తనకే ఉబ్బసం ఉన్న ఇంగ్లండ్ వైద్యుడు జాన్ ఫ్లాయర్ 1698లో ఆ జబ్బు మీద రాసిన పుస్తకంలో, ఊపిరి చెడిన ఒక ఆడగుర్రం ఊపిరితిత్తుల గురించీ రాశాడు. బూజుగడ్డితో పనిచేసిన వ్యవసాయ కూలీల ఊపిరి జబ్బును 1932లో అదే దేశంలో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు వైద్యలోకం ముందు పెట్టాడు. పాడైన గడ్డి ముందు ఎత్తి వేసినవాడు, తర్వాత తిన్న జంతువు, ఇద్దరూ ఒకే దుమ్ముకు బలయ్యారన్నమాట.

మేత బాగుంటే సరిపోతుందా అంటే, కింద పరిచేదీ చూడాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘తినేది కాదు కదా’ అని పాడైన వరిగడ్డి పరిచేస్తారు. గుర్రం దాన్ని తినదని ఎవరు చెప్పారు? విసుగుపుట్టిన గుర్రం పడకను కూడా కొరుకుతుంది. దానికి వాంతి చేసుకునే వీలు లేదు, లోపలికి పోయింది లోపలే. ఎక్కువ తింటే పేగులో అడ్డుపడి కడుపునొప్పి తెస్తుంది. తినకపోయినా ముక్కు ఆనించి పడుకునేది దానిమీదే. కాబట్టి మేతకు పనికిరాని గడ్డి పడకకూ పనికిరాదు. వడ్రంగి చిత్రిక పట్టిన పొట్టు, దుమ్ము జల్లించి తీసేసినదైతే, గడ్డికన్నా మేలు. సన్నటి రంపపు పొట్టు మాత్రం దుమ్ము లేపుతుంది. ఏ చెక్క పొట్టో అడిగి తీసుకోవడం మరీ ముఖ్యం. అమెరికాలో పెరిగే నల్ల వాల్‌నట్ పొట్టు పరిస్తే ఒక్కరోజులోనే గిట్టల్లో వాపు వచ్చి గుర్రం నడవలేకపోతుంది.

ఇక అమోనియా. మూత్రంలోని యూరియాను పడకలోని సూక్ష్మజీవులు విడగొడితే పుట్టే ఘాటు అది. శాలలో అలవాటుపడ్డ సైసుకు అది తెలియదు, ముక్కు మొద్దుబారిపోతుంది. తెల్లవారి బయటినుంచి రాగానే, లద్దె ఎత్తకముందే, గుర్రం పడుకునే ఎత్తుకు వంగి ఒక్కసారి గాలి పీల్చి చూస్తే కళ్లు మండుతాయో లేదో తెలిసిపోతుంది. పిల్ల ఉన్న గదిలో ఈ పరీక్ష తప్పదు, పిల్లగుర్రం ఎక్కువసేపు నేలమీదే పడుకుంటుంది కనుక.

మన మలక్‌పేటలో వానాకాలం పందేలు ఉన్నాయి. గడ్డి ఆరడానికి అతి కష్టమైన నెలల్లోనే, పరుగు పందేనికి ఊపిరితిత్తులు అతి శుభ్రంగా ఉండాల్సిన గుర్రాలకు గడ్డి కావాలి. వేసవిలోనే ఆరిన గడ్డిని నేలకు తగలకుండా చెక్కలమీద పేర్చి, గోడకు జానెడు దూరం ఉంచి, వానజల్లు తగలకుండా దాస్తే సగం గండం గట్టెక్కినట్టే. గుర్రాల నెత్తిన అటకమీద గడ్డి పెట్టే అలవాటు నాకు అసలు నచ్చదు. పైనుంచి ఓ మోపు లాగినప్పుడల్లా కింద అన్ని గుర్రాలకూ దుమ్ము అభిషేకమే.

కొంచెం దుమ్ము ఉన్న గడ్డిని నీళ్లలో అరగంట నానబెట్టి పెడితే బీజాలు గడ్డికి అంటుకుపోయి ఎగరవు. మళ్లీ ఆరకముందే గుర్రం తినెయ్యాలి. గంటల తరబడి నానితే చక్కెరలు నీళ్లలోకి దిగిపోతాయి, సూక్ష్మజీవులు పెరుగుతాయి, మన ఎండల్లో పులుపెక్కుతుంది కూడా. ఆవిరి పట్టడం ఇంకా మంచిది, బూజును చంపుతుంది. అయితే రెండూ దుమ్ముకు మందులేగానీ, బూజు వదిలిన విషాలకు కావు. నల్లబడి, అట్టకట్టిన మోపును నానబెట్టినా, ఉడకబెట్టినా దిబ్బలో వేయడమే.

మరో చిక్కుంది. ఒక గుర్రానికి ఉబ్బసం ఉందని దాని గదిలో పొట్టు పరిచి, తడి గడ్డి పెట్టి, పక్క గదిలో మాత్రం పాత వరిగడ్డే దులుపుతుంటారు. మధ్యగోడ భుజమెత్తే కదా. పక్కగది ఊడ్చేటప్పుడు ఆ గుర్రాన్ని ఆరుబయట చెట్టుకింద కట్టి, దుమ్ము దిగాక లోపలికి తేవాలి. ఉదయం సవారీకి తీసినప్పుడు మొదటి అడుగుల్లో రెండుసార్లు దగ్గితే ‘గొంతు సవరించుకుంటోంది లెండి’ అంటాడు సైసు. ఆ మాట విన్నరోజున గుర్రాన్ని కాదు, ముందు గడ్డికొట్టం తలుపు తీసి చూడాలి.