తెర వెనుక చదివే యంత్రం

న్యూయార్క్ రాష్ట్రంలోని యార్క్‌టౌన్ హైట్స్‌లో ఐబీఎం పరిశోధనశాల ఉంది. జిమ్ థాచర్, జెస్సీ రైట్ అక్కడ పనిచేసిన ఇద్దరు గణితవేత్తలు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో థాచర్ పీహెచ్‌డీకి రైటే గైడు. తర్వాత ఇద్దరూ ఐబీఎంలో చేరి, కంప్యూటర్ భాషలకు పునాది అయిన అమూర్త గణితం మీద ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. రైట్‌కు చూపు లేదు. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను తెచ్చినప్పుడు లోకమంతా దాని తెర ముందు కూర్చుంది. ఆ తెర రైట్‌కు ఏమీ చెప్పలేదు. 1982 నుంచి థాచర్ గణితాన్ని మెల్లగా పక్కనపెట్టి, గురువుతో కలిసి ఆ పెట్టెకు మాట నేర్పే పనిలో పడ్డారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే తొలి స్క్రీన్ రీడర్లలో ఒకటి అలా పుట్టి, ఐబీఎం పేరుతోనే డాస్ కంప్యూటర్ల మీద నడిచింది.

ఇక్కడ ఒక సంగతి మొదటే తేల్చుకోవాలి. స్క్రీన్ రీడర్ తెరను చూడదు, ఆనాడూ చూడలేదు. డాస్ తెర మీద 25 వరుసలు, వరుసకు 80 గళ్లు, మొత్తం 2000 గళ్లు. ఏ గడిలో ఏ అక్షరముందో కంప్యూటర్ మెమరీలో ఒక నిర్ణీత చోట వరుసగా రాసి ఉండేది. గడికి రెండు బైట్లు: ఒకటి అక్షరానికి, రెండోది దాని రంగుకు. స్క్రీన్ రీడర్ నేరుగా ఆ మెమరీలోకి వెళ్లి అక్షరాలను తీసుకొని, మాట పలికే పరికరానికి అందించేది. మెనూలో ప్రస్తుతం ఏ వరుస మీద ఉన్నామో చూపున్నవాళ్లకు వేరే రంగులో మెరిసే పట్టీ చెబుతుంది. స్క్రీన్ రీడర్ రంగు బైటు ఎక్కడ మారిందో వెతికి ఆ వరుసను చదివేది. తెలివైన ఉపాయం. ఆనాటి అంధ ప్రోగ్రామర్లు, గుమస్తాలు దీంతోనే ఉద్యోగాలు చేశారు.

గొంతు సంగతీ చెప్పాలి. 1984లో డెక్‌టాక్ అనే మాట పలికే యంత్రం బజారులోకి వచ్చింది. ఎంఐటీలో డెనిస్ క్లాట్ సాగించిన పరిశోధన దానికి ఆధారం, దాని ముఖ్యమైన గొంతుకు ఆయన సొంత గొంతే నమూనా. అలాంటి గొంతులు బయటివాళ్లకు మరబొమ్మ మాటల్లా వినిపిస్తాయి గానీ, అలవాటైన చెవికి కావలసింది తీపి కాదు, స్పష్టత. మామూలు సంభాషణ కంటే రెండు మూడు రెట్ల వేగంతో పెట్టుకొని వింటారు వాళ్లు. పక్కనున్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

ఈ ఏర్పాటును గ్రాఫిక్ తెరలు ఒక్కసారిగా కూల్చేశాయి. మాకింటాష్, విండోస్ వచ్చాక తెర అంటే అక్షరాల గళ్లు కాదు, రంగు చుక్కల మైదానం. 640 అడ్డం, 480 నిలువు అనుకుంటే మూడు లక్షల పైచిలుకు చుక్కలు. మెమరీలో వెతికితే చుక్కలే దొరుకుతాయి, అక్షరం దొరకదు. చుక్కలుగా మారకముందే అక్షరాన్ని పట్టుకోవాలి. ఏదైనా ప్రోగ్రాము తెర మీద రాయాలంటే ‘ఫలానా చోట ఫలానా మాట గీయి’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి కదా, ఆ ఆజ్ఞను దారిలో కాపు కాసి వినాలి. విన్నదాన్నంతా పోగేసి, తెరకు సరిపోలిన ఒక కనిపించని ప్రతిని మెమరీలో కట్టుకోవాలి. 1989లో బర్కిలీ సిస్టమ్స్ మాకింటాష్ కోసం తెచ్చిన అవుట్‌స్పోకెన్ ఇలాంటి దారిలో నడిచింది. ఐబీఎంలో థాచర్ బృందం ఓఎస్/2 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేసిన స్క్రీన్ రీడర్‌దీ ఇదే పద్ధతి. ఆ బృందంలోని రిచర్డ్ ష్వెర్ట్‌ఫెగర్ ఈ కిటుకును 1991 డిసెంబరు బైట్ పత్రికలో వివరించారు. ఈయన మళ్లీ మన కథలోకి వస్తారు.

అదే కాలంలో ఫ్లోరిడాలో టెడ్ హెంటర్ ఉన్నారు. ఇంజనీరు, మోటార్‌సైకిల్ రేసర్. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకొని, 1987లో బిల్ జాయిస్‌తో కలిసి హెంటర్-జాయిస్ కంపెనీ పెట్టారు. వాళ్ల స్క్రీన్ రీడర్ జాస్ 1989లో డాస్‌కు, 1995లో విండోస్‌కు వచ్చింది. ఆఫీసులు డాస్ నుంచి విండోస్‌కు మారుతున్న రోజులవి. కంప్యూటర్ మారితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం అంధ ఉద్యోగులది. వాళ్లలో ఎందరినో ఉద్యోగంలో నిలబెట్టింది జాస్. 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీ అనే వ్యవస్థ తెచ్చాక, కాపు కాసి వినాల్సిన అవసరం కొంత తగ్గింది. ‘నేను బటన్‌ని, నా పేరు సేవ్’ అని ప్రోగ్రామే చెప్పుకొనే దారి ఏర్పడింది.

వెబ్ దగ్గరికి వచ్చేసరికి ఈ యంత్రానికి ఊహించని అదృష్టం పట్టింది. వెబ్‌ను సృష్టించిన టిమ్ బర్నర్స్-లీ తీర్చిన హెచ్‌టీఎంఎల్ స్వభావంలోనే ప్రతి ముక్కా ఏమిటో రాసి ఉంటుంది: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు, ఇది పట్టిక. కాపు కాయనక్కర్లేదు, అర్థం నేరుగా అక్కడే ఉంది. జపాన్ ఐబీఎంలో చియెకో అసకావా దీన్ని పట్టుకున్నారు. ఈత కొలనులో తగిలిన దెబ్బ వల్ల 14 ఏళ్లకు ఆమె చూపు పూర్తిగా పోయింది. 1997లో ఆమె జపనీస్‌లో తెచ్చిన హోమ్ పేజ్ రీడర్ మామూలు పాఠాన్ని మగగొంతుతో, లింకులను ఆడగొంతుతో చదివేది. ఏది లింకో వేరే చెప్పకుండానే చెవికి తెలిసేది. తర్వాత దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చే పనికి నాయకత్వం వహించింది, అప్పటికి ఆస్టిన్ చేరిన జిమ్ థాచరే.

1993లో పేజీలోకి బొమ్మలు వచ్చాయి. బొమ్మకు బదులుగా చదవాల్సిన మాట రాసే చోటు 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలోనే ఉంది. దాని పేరు ఆల్ట్. ముప్పై ఏళ్లుగా ఉన్న ఆ చోటును ఈనాటికీ అసలు పెట్టకుండా వదిలేసేవాళ్లు ఎందరో. వదిలేస్తే ఏమవుతుంది? స్క్రీన్ రీడర్ చాలాసార్లు గత్యంతరం లేక ఫైలు పేరు చదువుతుంది: ‘ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు సున్నా నాలుగు ఏడు డాట్ జేపీజీ’. టికెట్ కొనే బటన్ మీది బొమ్మ అదే అయితే ఆ మనిషి ప్రయాణం అక్కడితో సరి. అలంకారానికి పెట్టిన గీతకూ పువ్వుకూ వర్ణన రాయక్కర్లేదు. ఆల్ట్‌ను ఉంచి లోపల ఏమీ రాయకపోతే, దాన్ని దాటెయ్యమని అర్థం. కావాలని ఖాళీగా ఉంచడం వేరు, అసలు పెట్టకపోవడం వేరు. ఈ తేడా ప్రతి వెబ్ డిజైనర్‌కూ తెలియాలి.

చూపు లేనివాళ్లు పేజీని పైనుంచి కిందికి అక్షరం పొల్లుపోకుండా వింటారని చాలామంది అనుకుంటారు. ఎవరు వింటారు అంత ఓపిగ్గా? మనం వార్తాపత్రికలో శీర్షికల మీద చూపు పరుగెత్తించినట్టే వాళ్లూ గెంతుతూ పోతారు. జాస్‌లో, ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో హెచ్ కీ నొక్కితే తర్వాతి శీర్షిక, టీ నొక్కితే పట్టిక, బీ నొక్కితే బటన్. పెద్ద పేజీలో కావలసింది ఎలా వెతుకుతారని వెబ్ఎయిమ్ సంస్థ చేసిన సర్వేల్లో, మూడింట రెండు వంతుల మంది శీర్షికల మీద గెంతుతామనే చెప్పారు. ఇప్పుడు ఆలోచించండి. డిజైనర్ ఒక వాక్యాన్ని పెద్ద అక్షరాలతో, ముదురు నలుపులో పెట్టి, దాన్ని శీర్షికగా మాత్రం గుర్తించలేదు. కంటికి అది శీర్షికే, యంత్రానికి మామూలు పేరా. హెచ్ నొక్కితే ‘తర్వాతి శీర్షిక లేదు’ అంటుంది.

బటన్ల కథ ఇంకా బాధాకరం. హెచ్‌టీఎంఎల్‌లో బటన్ కోసం ప్రత్యేకమైన ట్యాగ్ ఉంది. అది వాడితే ట్యాబ్ కీతో చేరుకోవచ్చు, ఎంటర్‌తో నొక్కవచ్చు, స్క్రీన్ రీడర్ ‘బటన్’ అని చెబుతుంది. ఇవన్నీ ఉచితంగా వస్తాయి. అయినా డివ్ అనే ఉత్త డబ్బాకు రంగు పూసి, మౌస్‌తో నొక్కితే పనిచేసేలా చేసి వదిలేస్తారు. చూడ్డానికి తేడా లేదు. తెర వెనుక దానికి పేరు లేదు, పాత్ర లేదు, నొక్కారో లేదో చెప్పే స్థితి లేదు. పేరు, పాత్ర, స్థితి: స్క్రీన్ రీడర్ ప్రతి వస్తువునూ అడిగేది ఈ మూడే. ఫారంలో గడికి లేబుల్ కట్టకపోతే ‘ఎడిట్, ఖాళీ’ అంటుంది. అక్కడ ఫోన్ నంబరు రాయాలా, పిన్‌కోడా? ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అన్న లింకులు పేజీలో ఇరవై ఉంటే, లింకుల జాబితా తెరిచినప్పుడు అదే మాట ఇరవైసార్లు వినిపిస్తుంది.

ఈ నిర్లక్ష్యం మీద తొలిరోజుల్లోనే ఒక పెద్ద పోరాటం నడిచింది. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటు బొమ్మలకు ఆల్ట్ లేదని, ఫలితాల పట్టికలు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయని, పుట్టుకతో చూపు లేని బ్రూస్ మగ్వైర్ 1999లో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. సరిచేయడానికి ఏడాదికి పైగా పడుతుందనీ ఇరవై లక్షల డాలర్లు దాటుతుందనీ నిర్వాహకులు వాదించారు. నిపుణులు అందులో కొద్ది భాగం చాలన్నారు. 2000 ఆగస్టులో కమిషన్ మగ్వైర్ పక్షాన తీర్పిచ్చింది, ఆటలు మొదలయ్యేలోగా సరిచేయమంది. పని సగంలోనే ఆగింది. నవంబరులో 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. అప్పటికే ఆటలు ముగిసిపోయాయి. డబ్బు గెలిచిన కేసుగా దీన్ని చెప్పడం నాకు నచ్చదు.

ప్రమాణాలు అప్పటికే ఉన్నాయి. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ తొలి మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ పేరుతో 1999 మేలో వచ్చాయి. రెండోది 2008లో, దాని తాజా రూపం 2.2 2023లో వచ్చాయి. పేజీలు ప్రోగ్రాముల్లా మారిపోయాక, హెచ్‌టీఎంఎల్‌లో లేని పాత్రలను చెప్పుకోవడానికి ఏరియా అనే అదనపు పదజాలం పుట్టింది. దాని సృష్టిని ముందుండి నడిపింది అదే రిచర్డ్ ష్వెర్ట్‌ఫెగర్. ఒకప్పుడు గీసే ఆజ్ఞలను చాటుగా విన్న ఇంజనీరు, ఇప్పుడు పేజీయే తన గురించి తాను చెప్పుకొనే భాషను తయారుచేశారు. ఇందులో నాకెంతో నచ్చేది కబుర్ల పద్ధతి: పేజీలో ఏదైనా మారితే, వినేవాళ్ల వాక్యం పూర్తయ్యేదాకా ఆగి చెప్పాలా, మధ్యలో అడ్డొచ్చి చెప్పాలా అన్నది డిజైనరే నిర్ణయించవచ్చు. అయితే ఏరియాను తెలిసీ తెలియక చల్లితే చెరుపే. అది వాడిన పేజీల్లోనే సగటున తప్పులు ఎక్కువని వెబ్ఎయిమ్ ఏటా లెక్కగడుతోంది. పది లక్షల హోమ్‌పేజీల మీద ఆ సంస్థ 2025లో చేసిన పరీక్షలో 94.8 శాతం పేజీల్లో ఏదో ఒక లోపం దొరికింది.

జాస్ ధర వెయ్యి డాలర్ల చుట్టూ ఉండేది. మన దేశంలో అంధ విద్యార్థికి అది అందని మొత్తం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ విద్యార్థి ఎన్‌వీడీఏను రాయడం మొదలుపెట్టి, ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశారు. మిత్రుడు జేమీ టే తోడయ్యారు. ఆయనా అంధుడే. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లు వచ్చాయి. ఆండ్రాయిడ్ పని వెనుక గూగుల్‌లో టీవీ రామన్ ఉన్నారు. పుణేలో పుట్టి, గ్లాకోమాతో 14 ఏళ్లకు చూపు పోగొట్టుకొని, గణిత సమీకరణాలను చెవికి వినిపించే వ్యవస్థ మీద 1994లో కార్నెల్‌లో డాక్టరేట్ చేసినవారు. ఈ యంత్రం చరిత్రలో అడుగడుగునా తమకోసం తామే పనిముట్టు చేసుకున్నవాళ్లు కనిపిస్తారు. వెబ్‌సైటు కట్టేవాళ్లు మాత్రం ఎక్కువగా చూపున్నవాళ్లే.

మన తెలుగు దగ్గర ఈ కథ మరో మెలిక తిరిగింది. 1990ల చివర్లో, 2000ల మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. తెర మీద చక్కటి ‘క’ కనిపించేది. వెనుక ఉన్నది ఏదో లాటిన్ అక్షరపు సంకేతం, దానికి ‘క’ బొమ్మ తొడిగేవారు. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు కాబట్టి అర్థంలేని ఇంగ్లిష్ చప్పుళ్లు పలికేది. యూనికోడ్ 1991 నుంచే తెలుగుకు 0సి00 మొదలు 0సి7ఎఫ్ దాకా 128 స్థానాలు కేటాయించి ఉంచింది. పత్రికలు అటు మళ్లాకే తెలుగు వార్త చెవికి వార్తగా వినిపించింది. వార్తల సైట్లలో ఆ బాధ తీరినా, డీటీపీ కోసం పాత ఫాంట్లలో కొట్టి పీడీఎఫ్ చేసిన పుస్తకాలు, పత్రాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇక జీవోనో నోటిఫికేషన్‌నో ముద్రించి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కిస్తే అందులో అక్షరమే లేదు, కాగితం ఫొటో ఉంది. చూపులేని నిరుద్యోగి తన అర్హతలను తాను చదువుకోలేక ఎవరినో బతిమాలుకోవాలి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, కన్నార్పి చూపించమనే ఆన్‌లైన్ కేవైసీ పద్ధతుల మీద వచ్చిన పిటిషన్లలో తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉండగానే అక్కడిదాకా వెళ్లాల్సి వచ్చింది.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇక యంత్రమే చూసి చెబుతుంది అంటున్నారు. ఫొటోలను అది బాగానే వర్ణిస్తోంది, ఎందరికో మేలు చేస్తోంది. బ్యాంకు పేజీలో మాత్రం ఊహ పనికిరాదు. గడి టిక్ అయిందో లేదో, మొత్తం ఎంతో పేజీకి కచ్చితంగా తెలుసు, అది చెప్పాలి. ఒక్క లైను కోడ్ అతికిస్తే వెబ్‌సైటు అందరికీ అనువుగా మారిపోతుందని చాటుకున్న ఒక కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది.

చేయాల్సిన పని చిన్నది, చేతిలో ఉన్నది. తెలుగు పేజీ మొదటి వరుసలో భాష ‘ఇంగ్లిష్’ అని రాసి ఉన్న సైట్లు కోకొల్లలు. టెంప్లేట్‌లో వచ్చింది అలాగే ఉండిపోతుంది. దాంతో స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతు ఎత్తుకొని తెలుగు అక్షరాలను మింగేస్తుంది, లేదా ఒక్కో అక్షరానికీ ఏదో సంకేతం చదువుతుంది. అక్కడ ‘టీఈ’ అనే రెండక్షరాలు పెడితే, తెలుగు గొంతు ఉన్న స్క్రీన్ రీడర్ దానికి మారుతుంది. ఆ మార్పు చేశాక, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏను దించుకొని, మౌస్ పక్కన పెట్టి, మీ సైటులోని ఒక్క ఫారాన్ని మొదటినుంచి చివరిదాకా నింపి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడినుంచి పని మొదలుపెట్టవచ్చు.